కడుపు తగ్గినా తీపి కోరిక తగ్గదెందుకు?

భివండీ పట్టణంలోని గైబీ నగర్‌లో సాంచెల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. మరమగ్గాల కార్ఖానాలలో పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. ఆ షిఫ్టులో కార్మికునికి కాలం తెలిసేది చాయ్‌ల లెక్కతోనే. పొద్దున ఒకటి, నూలు కండెలు మార్చినప్పుడు ఒకటి, పరిచయస్థుడు ఎదురైతే మరొకటి. అర గ్లాసే అయినా అందులో తీపి మాత్రం నిండుగా ఉంటుంది. చాయ్ వద్దనడం అక్కడ మర్యాద కాదు. బతుకుదెరువు కోసం తెలంగాణ పల్లెల నుండి భివండీ చేరిన నేత కుటుంబాలకు కూడా ఈ అలవాటు తరాల నాటిది.

అటువంటి చోట నివసించే మనిషి బరువు తగ్గేందుకు కడుపుకు శస్త్రచికిత్స చేయించుకున్నాడనుకుందాం. సాంచె నడిపే కార్మికునికి ఇది అందని ఖర్చే. అయినా మధుమేహం, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆడకపోవడం వంటి బాధలు భరించలేక అప్పు చేసి, ఊళ్లో పొలం కుదువబెట్టి చేయించుకునేవారు లేకపోలేదు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమవుతాడు. ఆ తరువాత ఒకనాడు తీపి మీద మనసు పోతుంది. ‘ఇంత ఖర్చు పెట్టి కోయించుకుని మళ్లీ లడ్డూ తింటావా’ అని ఇంటివారు మందలిస్తారు. మందలింపు భయంతో అతడు చాటుగా తింటాడు. వైద్యుని దృష్టిలో ఈ చాటుతనమే తీపి కంటే ప్రమాదకరం.

ఈ చికిత్సలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశంలో సుమారు మూడు వంతుల భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టంలా ఉంచుతారు. బైపాస్ పద్ధతిలో పైభాగాన చిన్న సంచిని మాత్రమే మిగిల్చి దానిని నేరుగా చిన్నప్రేవుకు కలుపుతారు. గుండె బైపాస్‌కూ దీనికీ సంబంధం లేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణకోశపు పైభాగంలోనే. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కనుక తొలి నెలల్లో ఆకలి మందగిస్తుంది, తీపి కొందరికి వెగటుగా కూడా తోస్తుంది. అయితే ఆ దశ శాశ్వతం కాదు. కత్తి పడింది కడుపు మీదనే. రుచిని గుర్తుంచుకునే మెదడు, చాయ్ వేళకు కార్ఖానా గుమ్మం వైపు చూసే కన్ను యథాతథంగా ఉంటాయి.

బైపాస్ చేయించుకున్నవారికి తీపితో మరొక చిక్కు ఉంది. స్లీవ్ వారిలోనూ కొందరికి ఇది కనిపిస్తుంది. చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థం జీర్ణకోశంలో నిలవకుండా ఒక్కసారిగా చిన్నప్రేవులోకి జారిపోతుంది. పది నిమిషాల నుండి అరగంటలోపు కడుపులో మెలిపెట్టడం, గుండెదడ, చెమటలు, విరేచనం మొదలవుతాయి. దీనినే వైద్యులు డంపింగ్ అంటారు. ఇది బాధాకరమే అయినా, తిన్నదానికీ బాధకూ సంబంధం వెంటనే తెలిసిపోతుంది కనుక మనిషి జాగ్రత్తపడతాడు.

అసలు చిక్కు ఆలస్యంగా వచ్చే రెండవ రకంతోనే. తీపి రక్తంలోకి వేగంగా చేరగానే శరీరం అవసరానికి మించి ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. గంట నుండి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, కళ్లు మసకబారతాయి, తీపి కావాలని ప్రాణం కొట్టుకుంటుంది. సాధారణంగా చికిత్స జరిగి ఏడాది దాటాక, అంతా బాగుందనుకునే వేళ ఇది తలెత్తుతుంది. కార్ఖానాలో ఉక్కపోతకు అందరికీ చెమటలే. కనుక దీనిని నీరసమని భావించి పక్క సాంచెవాడు కూల్‌డ్రింకు తెచ్చి ఇస్తాడు. తాగగానే ప్రాణం లేచి వచ్చినట్లుంటుంది. రెండు గంటల తరువాత మళ్లీ అదే వణుకు. ఈ సుడిలో పడ్డవానిని తిండిపోతు అనడం అన్యాయం. అతని కోరిక చాలావరకు శరీరం పెడుతున్న కేక.

అయితే చక్కెర నిజంగా పడిపోయినప్పుడు తీపి ఇవ్వకుండా ఉండరాదు. మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, అర గ్లాసు నీటిలో కలిపి ఇవ్వాలి. పావుగంటలో తేరుకున్నాక గుడ్డో, గుప్పెడు వేయించిన శనగలో తినిపించాలి. మరో సుడి మొదలు కాకుండా ఆపేది ఈ రెండవ మెట్టే. స్పృహ తప్పినవాని నోట్లో ఏదీ పోయరాదు, 108కు ఫోన్ చేయాలి. ఇటువంటి లక్షణాలు మళ్లీ మళ్లీ వస్తుంటే చికిత్స చేసిన వైద్యునికి చెప్పి తీరాలి. మధుమేహానికి పాత మోతాదులోనే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. బరువు తగ్గిన కొద్దీ ఆ మోతాదును వైద్యుడు తిరిగి నిర్ణయించవలసి ఉంటుంది.

కోరిక రాకుండా చూసుకునే ఉపాయాలలో మొదటిది మాంసకృత్తులు. రోజుకు కనీసం 60 గ్రాములు అవసరమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కనుక గుడ్డు, చేప, కోడిమాంసం, పప్పు, పెరుగు అన్నీ కొద్దికొద్దిగా రోజంతా సర్దుకోవాలి. పళ్లెంలో ముందుగా వాటినే తిని, చోటు మిగిలితే అన్నం తినాలి. భోజనంతో పాటు నీళ్లు తాగరాదు. అరగంట ఆగి తాగాలి. రాత్రి షిఫ్టువారు పగలంతా నిద్రపోయి ఒక్కసారే తినడం వల్ల కోరిక రెట్టింపవుతుంది. బిస్సీ భోజనం రెండు పూటలే కనుక మధ్యలో తినేందుకు సంచిలో ఏదో ఒకటి ఉంచుకోక తప్పదు.

చాయ్ సంగతి వేరే చెప్పుకోవాలి. చెంచా పంచదార 4 నుండి 5 గ్రాములు. చెంచాన్నర పడే చాయ్ ఆరుసార్లు తాగితే 36 నుండి 45 గ్రాములు లోపలికి చేరినట్లే. ఆహారంలో అదనపు చక్కెర నుండి వచ్చే శక్తి పదో వంతుకు మించరాదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1200 కేలరీలు తినే మనిషికి పదో వంతంటే 30 గ్రాములే. ఒక్కసారిగా మానేస్తే నాలుక ఎదురు తిరుగుతుంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నెలలో అలవాటవుతుంది. చాయ్ బండివానికి ఒకసారి చెబితే చాలు, అతడే గుర్తుపెట్టుకుంటాడు. బెల్లం, తేనె, ఖర్జూరం మంచివని వాటికి మారేవారున్నారు. ప్రేవు దృష్టిలో అవన్నీ చక్కెరలే. ‘షుగర్ ఫ్రీ’ మిఠాయిలలో వాడే కొన్ని పదార్థాలు కడుపుబ్బరం, విరేచనాలు తెస్తాయి. తీపినిచ్చే కృత్రిమ పదార్థాలను బరువు అదుపునకు ఆధారం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది కూడా.

తీపి మానినవాడు కల్లు వైపు, మద్యం వైపు మళ్లకుండా ఇంటివారు కనిపెట్టి ఉండాలి. బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా చేరుతుంది, తక్కువకే మత్తెక్కుతుంది. చికిత్స జరిగిన రెండవ ఏట మద్యపు సమస్యలు పెరిగినట్లు 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

ఇక పండుగలు. సద్దుల బతుకమ్మకు ఊరి నుండి మలీద ముద్దలు భివండీ బస్సెక్కుతాయి. ఈద్ నాడు గైబీ నగర్‌లో పక్కింటి నుండి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది. వీటిని కాదనమని ఏ వైద్యుడూ అనడు. ఖాళీ కడుపున కాక, భోజనం ముగిశాక, నిమ్మకాయలో సగమంత ముద్దను నెమ్మదిగా నమిలి తింటే చాలామంది తట్టుకోగలరు. ఖుర్మా వంటి ద్రవరూపపు తీపి త్వరగా జారిపోతుంది కనుక రెండు చెంచాలతో ఆపాలి. ఊళ్లో ఉన్న తల్లి మలీద కట్టేటప్పుడే కొడుకు వంతును చిన్న ముద్దలుగా చేసి, పక్కన వేయించిన పల్లీల పొట్లం ఒకటి పెడితే, భివండీలో అతడు ఎవరికీ చాటుగా తినవలసిన పని ఉండదు.