వేసవి ఇంటర్న్‌షిప్‌లో మన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు?

"ఫీజు కట్టాం, పుస్తకాలు కొనిచ్చాం. ఇప్పుడు ఈ ఇంటర్న్‌షిప్‌కి కూడా సాయమా మాస్టారూ? జీతం ఇవ్వని చోట పని చెయ్యడానికి మనం ఎదురు డబ్బివ్వాలా?" అని మన దాతల్లో ఒక పెద్దాయన రంజాన్‌కు ముందు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పటికప్పుడు నిలబడి చెప్పిన జవాబు మాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు నిబంధన సంగతి. మన మంగళగిరి మండలం ఆత్మకూరులోనే కార్యాలయం ఉన్న రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మూడేళ్లలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో ఏడాది అయ్యాక వేసవి రెండు నెలలూ ఏదైనా కంపెనీలోనో సంస్థలోనో పని. మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం మళ్లీ అదే. ఏ రోజు ఏం పని చేశారో, అందులో ఏం నేర్చుకున్నారో పిల్లలు లాగ్ బుక్కులో రాయాలి, అక్కడి పర్యవేక్షకుడు సంతకం చెయ్యాలి. చివర్లో ఆయనే మాట తీరు, రాత, చొరవ, సమయపాలన వంటి అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. పరీక్ష రాసి తెచ్చుకునే మార్కులు కావివి.

కార్పొరేట్ అనగానే కేసరపల్లి హెచ్‌సీఎల్ లాంటి అద్దాల మేడలే చాలామందికి గుర్తొస్తాయి. మన పిల్లల్లో అలాంటి చోట అడుగుపెట్టేవాళ్లు తక్కువ. ఎక్కువమంది వెళ్లేది విజయవాడలోని పంపిణీ కంపెనీలకు, వాహనాల షోరూములకు, ప్రైవేటు ఆస్పత్రుల ఆఫీసులకు. నేర్చుకునేదానికి మేడ ఎత్తుతో పని లేదని మా అనుభవం.

మన సాయంతో బి.కాం. చదువుతున్న ఒక టైలరు గారి అమ్మాయి రెండో వేసవిలో విజయవాడలో మందుల పంపిణీ కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేరింది. చేరే ముందు వాళ్ల అమ్మకు వంద సందేహాలు: పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారు, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు. వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మేము ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్లొచ్చాం. నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారని చూశాక ఆయన మనసు కుదుటపడింది. మొదటి వారం బిల్లులను తేదీల వారీగా పేర్చి, పంచ్ కొట్టి ఫైళ్లలో పెట్టడమే పని. "ఇదేనా మాస్టారూ ఇంటర్న్‌షిప్?" అని ఫోన్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ.

రెండో వారంలో అసలు పని వచ్చింది. వ్యాపారంలో ఉన్న దాతలకు ఇది తెలిసిందే, మిగతావారి కోసం చెబుతున్నాం. సరుకు అమ్మిన కంపెనీ ఆ నెల అమ్మకాల వివరాలను మరుసటి నెల 11లోగా జీఎస్టీ పోర్టల్లో పెట్టాలి. 14న పోర్టల్ కొన్నవారి పేరిట 2బీ అనే పట్టిక తయారుచేస్తుంది. అందులో ఉన్న బిల్లులకే, కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోగలం. 20లోగా రిటర్ను వేసి, మిగిలిన పన్ను కట్టాలి. అంటే 14 నుంచి 20 దాకా ఆ విభాగంలో ఎవరికీ ఊపిరాడదు. తమ పుస్తకంలోని ప్రతి బిల్లునూ 2బీతో సరిచూసే పని ఈ అమ్మాయికి అప్పగించారు.

ఒక బిల్లు దగ్గర లెక్క ఆగిపోయింది. కూడికలో తనదే తప్పనుకుని నాలుగుసార్లు కూడింది. ఎవరితోనూ చెప్పకుండా రెండు రోజులు మోసింది. మూడో రోజు పక్క కుర్చీలో అక్కను అడిగితే, ఆమె బిల్లు మీది జీఎస్టీ నెంబరు చూపించింది. మొదటి రెండంకెలు 36, అంటే తెలంగాణ. సరుకు ఆ కంపెనీ హైదరాబాద్ శాఖ నుంచి వచ్చింది. ఇక్కడ పుస్తకంలో మాత్రం అదే కంపెనీ విజయవాడ శాఖ పేరు మీద, 37 నెంబరు కింద ఎక్కించారు. రాష్ట్రం లోపల కొంటే కేంద్ర, రాష్ట్ర పన్నులు రెండూ, బయటి రాష్ట్రం నుంచి కొంటే ఐజీఎస్టీ ఒక్కటే అన్న పాఠం ఈ అమ్మాయికి కంఠతా వచ్చు. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకుంది కూడా. "పుస్తకంలో ఉన్నది బిల్లు మీద కనిపిస్తుందని నాకు తట్టలేదు మాస్టారూ" అంది. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్న మాకు ఆ మాట సూటిగా తగిలింది.

ఇంకో బిల్లు 2బీలో అసలు లేదు. అమ్మినవారు గడువులోగా పోర్టల్లో పెట్టలేదు. వాళ్లకు ఫోన్ చేసి అడగమన్నారు. ముక్కూ మొహం తెలియని ఆఫీసుకు ఫోన్ చెయ్యడం ఆ పిల్లకు అదే మొదటిసారి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని మరీ చేసింది. ఆమె లాగ్ బుక్కు మేము చూశాం. మొదటి వారం 'ఏం నేర్చుకున్నారు' అన్న గడిలో ఐదు రోజులూ 'ఆఫీసు పని గురించి నేర్చుకున్నాను' అనే ఒకే వాక్యం. ఆ ఫోన్ చేసిన రోజు గడిలో మాత్రం ఇలా ఉంది: 'ఫోన్ చేసే ముందు బిల్లు నెంబరు, తేదీ, మొత్తం చేతిలో పెట్టుకోవాలి. పేరు అడిగి రాసుకోవాలి.'

గన్నవరం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లిన బి.ఎస్సీ. కంప్యూటర్స్ అబ్బాయి కథ వేరు. అక్కడ రోజూ పొద్దున పది నిమిషాలు అందరూ నిలబడి మూడు ప్రశ్నలకు జవాబు చెబుతారట: నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడైనా చిక్కు పడ్డావా? మూడో ప్రశ్నకు మన పిల్లవాడు రెండు వారాల పాటు "ఏమీ లేదు సార్" అనే చెప్పాడు. చిక్కు మాత్రం మొదటి మంగళవారం నుంచే ఉంది. సంగతి బయటపడ్డాక వాళ్లు తిట్టలేదు. పని కానందుకు కాదు, కాలేదని ముందే చెప్పనందుకు బాధపడ్డారు. జుమా నమాజుకైనా అంతే. అడిగితే ఏమంటారోనని రెండు శుక్రవారాలు చెప్పకుండా వెళ్లొచ్చాడు. మూడోసారి ధైర్యం చేసి అడిగితే, "చెప్పి వెళ్లు, సాయంత్రం అరగంట ఎక్కువ ఉండు" అన్నారు, అంతే.

ఈ మౌనం మేము నేర్పిందే. మా తరగతి గదుల్లో అర్థం కాలేదని చెయ్యెత్తినవాడు పాఠానికి అడ్డొచ్చినట్టు లెక్క. తల వంచుకుని రాసుకునేవాడు మంచి పిల్లవాడు. ఆ మంచితనం ఆఫీసులో నష్టమే తెస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి రెండు నెలలు చాలకపోవచ్చు గానీ, వదిలించుకోవాలని తెలియడానికి చాలు.

అందరూ ఇలా నేర్చుకొస్తున్నారని చెబితే అబద్ధమవుతుంది. డబ్బు పంపితే ఫోన్‌కు సర్టిఫికెట్ పంపేవాళ్లు ఉన్నారు. మనం ఫీజు కట్టిన ఒక అబ్బాయి అదే చేశాడు. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఆ రెండు నెలలు ఏం చేశావు?" అంటే అతని నోట రెండో వాక్యం రాలేదు. పిలిచి మందలిద్దామనుకున్నాం. తీరా అడిగితే, ఆ వేసవి అతను పెళ్లిళ్ల క్యాటరింగులో వడ్డించి, చెల్లెలి ఇంటర్ ఫీజు కట్టాడు. మాకు నోరు పెగల్లేదు. పైగా మేము బి.ఎడ్. చదివిన రోజుల్లో టీచింగ్ ప్రాక్టీసు రికార్డులు సీనియర్లవి చూసి దించినవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు మా అబ్బాయికున్నంత కారణం కూడా లేదు.

మన సాయం ఆగిపోతున్నది సరిగ్గా ఇక్కడే. కాలేజీ ఫీజుకు ప్రభుత్వమో మనమో ఉన్నాం. వేసవి రెండు నెలలకు ఎవరూ లేరు. గన్నవరం వెళ్లిన అబ్బాయి లెక్క రాసిచ్చాడు: బస్సులు, షేర్ ఆటో, టీ కలిపి రోజుకు 150 రూపాయలు. 45 పనిదినాలకు 6,750. భోజనం ఇంటినుంచి తీసుకెళ్లినా ఇంత. రెండు జతల బట్టలు, బూట్లు అదనం. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్లకు కొంత వెసులుబాటు. అయితే అసలు బరువు చార్జీలది కాదు, ఆ రెండు నెలల్లో రావాల్సిన కూలి రాకపోవడం. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. 2024 అక్టోబరులో మొదలైనప్పుడు అందులో నెలకు 5,000 రూపాయలు అన్నారు. కానీ అప్పటి నిబంధనల ప్రకారం అది 21 నుంచి 24 ఏళ్ల వయసువారికి, ఏడాదిపాటు, అదీ పూర్తికాలం చదువులో లేనివారికి. డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు అక్కరకు రాదు, పాసై ఖాళీగా ఉన్నవారికి చెప్పండి.

పిల్లల్ని టీ తేవడానికి, జిరాక్సులకే వాడుకునే చోట్లు కూడా ఉన్నాయి. అలాంటిచోటికి రెండోసారి ఎవర్నీ పంపకూడదన్నది మా అభిప్రాయం. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ఎదురు డబ్బు కట్టమనేవారి దగ్గరికి మొదటిసారి కూడా వద్దు.

డబ్బే కాదు, చోటు కూడా సాయమే. కాలేజీ అడిగేది పెద్దగా ఏమీ లేదు: ఫలానా విద్యార్థిని ఫలానా తేదీ నుంచి తీసుకుంటామని లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, రోజూ లాగ్ బుక్కు చదివి సంతకం పెట్టే ఒక మనిషి. ఉత్తరం ఏప్రిల్లో అందితే పిల్లలు సెలవుల మొదటి రోజునుంచే చేరగలరు.

మొదట ప్రశ్న అడిగిన పెద్దాయనకు ఆటోనగర్లో ఇనుము వ్యాపారం ఉంది. ఈ వ్యాసం రాసే ముందు మళ్లీ కలిసి, "మీ దగ్గర 14 నుంచి 20 దాకా బిల్లులు ఎవరు సరిచూస్తారు భాయ్?" అని అడిగాం. గుమాస్తా ఒక్కడే రాత్రి పదింటిదాకా కూర్చుంటాడని చెప్పి, కాసేపాగి, మే నెలకు ఇద్దరిని పంపమన్నారు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఆయనే చూసుకుంటారట.