పాతకారు స్టీరింగు: రోగ నిదానము



దశరథుని రథచక్రపు శీల యూడిపడినపుడు కైకేయి తన వ్రేలినే శీలగా నుంచి భర్తను కాపాడెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథ విన్నపుడెల్ల నాకొక సందేహము కలుగును. బయలుదేరుటకు ముందే యెవరైన నా శీలను కదల్చి చూచియుండినచో, ఆ తల్లి వ్రేలికంత బాధ తప్పియుండును గదా! రథములు పోయి కార్లు వచ్చినవి గాని, ముందుగా కదల్చి చూడవలసిన పని మాత్రము పోలేదు.

మా మామగారు వాడిన అంబాసిడరు కారు నేటికిని మా యింట నున్నది. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, దానిపై మావారికి మమకారము తగ్గలేదు. మావారు బడిపంతులు. నేను పుట్టింట భారత భాగవతములు చదువుకొన్నదానను. యంత్రముల సంగతి మా యిరువురకును అంతంతమాత్రమే.

క్రిందటి మాఘమాసమున మా చెల్లెలి సీమంతమునకు పిల్లలతో గూడ కారులో పోదలచితిమి. ఆ ముందు వారమున బజారునకు పోవుచు నేనొక విషయము గమనించితిని. త్రోవ తిన్నగా నున్నను మావారి చేతులు కుదురుగా నుండుట లేదు. కుడికి కొంచెము, ఎడమకు కొంచెము, స్టీరింగును త్రిప్పుచునే యున్నారు. అడిగిన, “పాత బండి గదా, అట్లే యుండును” అనిరి. ఏండ్ల తరబడి యలవాటుపడిన చేతికి లోపము తెలియదు. ప్రక్కన గూర్చున్న కంటికి తెలియును.

మెకానిక్కు స్టీరింగును ఒక్కమాఱు త్రిప్పి చూచి, బాక్సు మొత్తము మార్చవలెనని చెప్పెను. ఆ సొమ్ము మావారి నెలజీతములో సగమునకు మించును. గోటితో పోవుదానికి గొడ్డలి యేలయని నాకు తోచినది. వైద్యుడు నాడి చూడక మందియ్యడు గదా! కావున తేలికదానితో మొదలిడి వరుసగా పరీక్షింపవలసినదని కోరితిని. ఆ పరీక్షలను మీకును విన్నవించుచున్నాను.

కారు ఒక ప్రక్కకు లాగుచున్నచో, మొదట ముందరి రెండు టైర్లలోను గాలి సమముగా నున్నదో లేదో చూడవలెను. టైర్లు చల్లగా నున్నపుడే ఇది చూడవలయును. గాలి సరిగా నున్నను లాగినచో, ఆ రెండు టైర్లను అటుదిటు మార్చి నడుపవలెను. లాగుట రెండవ ప్రక్కకు మారినచో దోషము టైరుదే. మారనిచో, కొంతదూరము నడిపి దిగి, చక్రములను తాకక దగ్గరగా చేయి యుంచి చూడుడు. ఒకటి మిక్కిలి వేడిగా నున్నచో బ్రేకు పట్టి విడువకున్నదన్నమాట. టైరు ఒక అంచుననే అరిగినను, తడవిన చేతికి రంపపు పండ్లవలె తగిలినను, చక్రముల ఎలైన్‌మెంటు తప్పినదని అనుమానింపవలెను.

స్టీరింగు బరువైనచో, ముందరి చక్రములను పైకెత్తి త్రిప్పి చూడవలెను. అప్పుడు తేలికగా తిరిగినచో మొదట అనుమానింపవలసినది టైర్లలోని గాలినే. అప్పుడును బరువుగనే యున్నచో కీళ్లలో గ్రీజు ఎండియుండును, లేదా లోపల నేదో పట్టుచుండును.

ఒకానొక వేగమువద్ద మాత్రమే స్టీరింగు వణకి, ఆ వేగము దాటగానే తగ్గినచో, చక్రముల బరువు చుట్టును సమముగా లేదనుకొనవచ్చును. అంచునకు చిన్న బిళ్లలు తగిలించి దానిని సరిచేయుదురు. గుంటలో పడిన వెంటనే వణకు మొదలైనచో కీళ్లు వదులైనవేమో చూడవలెను.

ఇక వదులు. మా కారు రోగమిదియే. అంబాసిడరులో స్టీరింగు కడ్డీ చివర నొక చిన్న పండ్లచక్రము కలదు. అది అడ్డముగా నున్న పండ్లకడ్డీని ఇటునటు జరుపును. ఆ కడ్డీ రెండు కొసలనుండి టై రాడ్లు చక్రములను త్రిప్పును. ఇట్టి అమరికలో చక్రములు కదలకుండ స్టీరింగు అంచు అర అంగుళమునకు మించి తిరిగినచో ఉపేక్షింపరాదు. ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును మెల్లగా ఇటునటు కదల్పవలెను. మఱియొకరు ఒక్కొక్క కీలును గమనింపవలెను. ఏ కీలువద్ద ఈవలి ముక్క కదలి ఆవలి ముక్క కదలదో, అక్కడనే రోగము.

నేను స్టీరింగు కదల్పగా మెకానిక్కు క్రిందినుండి చూచెను. బాక్సు గట్టిగానే యున్నది. ఎడమ టై రాడ్డు కొసనున్న బాల్ జాయింటు రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరి, లోపలి గుండు అరిగిపోయినది. అతని ముఖము మారిపోయినది. “అమ్మా, ఈ గుండు గిన్నెనుండి ఊడినచో చక్రము స్టీరింగు మాట వినదు. బండిని వీధి దాటనీయకండి” అనెను. క్రొత్త బాక్సునకు ఆ పాత కీళ్లనే తగిలించియుండెడివాడనని తానే యొప్పుకొనెను. అంత సొమ్ము పోసి, రోగమును అట్లే యుంచుకొని, పిల్లలతో పెద్దరోడ్డున పోయెడివారము!

చక్రములను గూర్చి మరియొక పరీక్ష కలదు. ఎత్తిన చక్రమును పైనను క్రిందను పట్టి ఊపవలెను. కదలినచో ఒకరిచే బ్రేకు నొక్కించి మరల ఊపవలెను. కదలిక ఆగినచో లోపము బేరింగుది. ఆగనిచో చక్రము తిరుగు నిలువు కడ్డీది. దానిని మెకానిక్కులు కింగ్ పిన్నందురు. ఒక్కమాట మరువకుడు: జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద ఎవరును దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి, వెనుక చక్రములకు అడ్డు వేయవలెను.

రెండు ప్రక్కల బాల్ జాయింట్లను మార్పించి, ఎలైన్‌మెంటు చేయించితిమి. బాక్సు వెలలో పదవవంతు కూడ కాలేదు. సామానులు వచ్చుటకు ఆలస్యమైనందున సీమంతమునకు బస్సులోనే పోయితిమి. దానికి నేను చింతింపలేదు.

ఇప్పుడు ప్రతి ప్రయాణమునకు ముందు, నేను పెట్టె సర్దుటకంటె ముందే స్టీరింగును కదల్పుదును. మావారు వంగి చూతురు. అయిదు నిమిషముల పని. మీ యింట పాతబండి యున్నచో మీరును అట్లే చేయుడు.