అద్దంపై గ్రాఫిక్స్... ఏ పద్ధతిలో వేస్తారు?

బట్టల షోరూమ్ అద్దం మీద పండగ ఆఫర్. బ్యాంకు గాజు తలుపు మీద మంచు పట్టినట్టుండే తెల్లటి చారలు. డయాగ్నస్టిక్ సెంటర్ కిటికీ నిండా నవ్వుతున్న డాక్టర్ ఫొటో. రోజూ చూస్తూనే ఉంటారు. ఈ మూడూ ఒకే పద్ధతిలో చేసినవి కావు. ఎందుకు కావో చెప్పగలిగితే డిజిటల్ ప్రింటింగ్ యూనిట్‌లో ఉద్యోగానికి మీరు సగం సిద్ధమైనట్టే.

డిగ్రీ చదువుతూ కోరల్‌డ్రా, ఫొటోషాప్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ‘డిజైనర్ కావలెను’ బోర్డు చూసి లోపలికి వెళ్తారు. యజమాని మీ డిజైన్లు రెండు నిమిషాలు తిరగేస్తారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. ‘ఎనిమిది బై ఆరు అడుగుల అద్దం. కస్టమర్‌కి రేపటికల్లా కావాలి. దేని మీద వేద్దామంటావు?’

వెంటనే ‘ఎకో సాల్వెంట్ సార్’ అనేస్తే పప్పులో కాలేసినట్టే. ఇక్కడ సరైన జవాబు ఎదురు ప్రశ్న వేయడమే. స్టిక్కర్ అద్దానికి బయట అతికించాలా, లోపలి నుంచా? ఎన్నాళ్లు ఉండాలి? ఎండ నేరుగా పడుతుందా? లోపల కూర్చున్నవాళ్లకి రోడ్డు కనిపించాలా? ఒక్క షాపుకేనా, యాభై బ్రాంచీలకా? ఇవి అడక్కుండా ప్రింట్ కొడితే 48 చదరపు అడుగుల వినైల్, ఇంకు, ఫిట్టర్ కూలి అన్నీ యూనిట్ నెత్తిన పడతాయి. ‘అనుకున్నట్టు రాలేదు’ అన్న కస్టమర్ డబ్బులివ్వరు. కొత్తగా చేరిన డిజైనర్‌కి ఆ నెల ఎలా గడుస్తుందో వేరే చెప్పాలా?

రేడియంతో సరిపోతుందేమో చూడండి

షాపు పేరు, పనివేళలు, ఫోన్ నంబరు లాంటివి ఒకటి రెండు రంగుల్లో కావాలంటే ప్రింట్ అక్కర్లేదు. మన ఊళ్లలో రేడియం కటింగ్ అనే పద్ధతి చాలు. (పేరే రేడియం. ఉండేది రంగు వినైల్ మాత్రమే.) ప్లాటర్ బ్లేడు అక్షరాలను కోస్తుంది. అక్కర్లేని ముక్కలు పీకేసి, పైన టేప్ వేసి అద్దం మీదకు మార్చుతారు. రంగు ఫిల్మ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంకు వెలిసిపోతుందన్న బెంగ లేదు. బ్యాంకు తలుపు మీది ఫ్రాస్టెడ్ చారలూ ఇలా కోసినవే. ఫైల్ వెక్టర్‌లో ఉండాలి. ఫొటోలు, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కలిసిపోయే షేడ్లు దీనితో కుదరవు.

ఒకే డిజైన్ వేల సంఖ్యలో కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ ఇప్పటికీ చవక. తలుపులకు అంటించే ‘పుష్, పుల్’ స్టిక్కర్లు అలాంటివే. ప్రతి రంగుకీ ఒక స్క్రీన్ తయారు చేయాలి కాబట్టి పది కాపీలకు గిట్టుబాటు కాదు. షాపు షాపుకీ మారే క్యూఆర్ కోడ్ అయితే డిజిటల్‌కి రావాల్సిందే.

ఇంకు ఆరే సమయం

ఫ్లెక్సీలు కొట్టే సాల్వెంట్ మెషీన్ మీద కూడా వినైల్ ప్రింట్ అవుతుంది. కానీ ఘాటు వాసన ఉంటుంది. ఏసీ షోరూమ్ లోపల అతికిస్తే తిట్లు తప్పవు. ఎకో సాల్వెంట్‌కి వాసన తక్కువ, ఫొటో నాణ్యత బాగుంటుంది. చిక్కల్లా ఆరడం దగ్గరే. చేతికి అంటకపోయినా ఇంకులోని ద్రావకం ఇంకా బయటకి వస్తూనే ఉంటుంది. కనీసం 24 గంటలు వదిలేయకుండా లామినేషన్ చేస్తే ఆ ఆవిరి లోపలే చిక్కుకుపోతుంది. జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి. లాటెక్స్ ఇంకు నీటి ఆధారితం. మెషీన్‌లోనే వేడికి గట్టిపడుతుంది కాబట్టి వెంటనే లామినేట్ చేయొచ్చు. యూవీ ఇంకు దీపం కాంతికి అక్కడికక్కడే ఆరిపోతుంది. వంపు తిరిగిన చోట పగుళ్లిచ్చే అవకాశం ఉన్నా, చదునైన అద్దానికి ఆ ఇబ్బంది రాదు.

ఇప్పుడు యజమాని ప్రశ్నకు జవాబు దొరికింది. బయట ఎండావానల్లో ఏడాది ఉండాలి, రేపటికే కావాలి అంటే లాటెక్స్ లేదా యూవీ. లోపలివైపు పది రోజుల ఆఫర్ అయితే లామినేషన్ లేని ఎకో సాల్వెంట్ చాలు.

లోపలా? బయటా?

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లోపల అతికించి బయటకు కనిపించాలంటే పారదర్శక వినైల్ మీద బొమ్మను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి వేయాలి. దాని మీద తెల్ల ఇంకు పొర వేయాలి. తెలుపు లేకపోతే రంగులు పలచబడి, గాజులో కలిసిపోయినట్టు ఉంటాయి. రెండువైపులా బొమ్మ కనిపించాలంటే రంగు, తెలుపు, మళ్లీ రంగు... మూడు పొరలు. ఆర్డర్ ఒప్పుకునే ముందే మీ యూనిట్ మెషీన్‌లో తెల్ల ఇంకు ఉందో లేదో తెలుసుకోండి. యూవీ మెషీన్లలో ఇది ఎక్కువగా ఉంటుంది.

డాక్టర్ ఫొటో ఉన్న కిటికీ సాధారణంగా వన్ వే విజన్. సన్న రంధ్రాలున్న ఫిల్మ్ ఇది. ముందు తెలుపు, వెనుక నలుపు. పగలు బయట వెలుగు ఎక్కువ కాబట్టి రోడ్డు మీదివాళ్లకు బొమ్మ, లోపలివాళ్లకు రోడ్డు కనిపిస్తాయి. చీకటిపడి లోపల లైట్లు వేయగానే కథ తిరగబడుతుంది. బొమ్మ వెలవెలబోయి లోపలి మనుషులే కనిపిస్తారు. రాత్రి పది వరకు నడిచే రెస్టారెంట్‌కి దీన్ని అమ్మేముందు ఆ సంగతి చెప్పి తీరాలి. చిన్న అక్షరాలు వద్దు, రంధ్రాల్లో సగం పోతాయి. బయట వాన నీరు రంధ్రాల్లో నిలవకుండా పారదర్శక లామినేషన్ వేస్తే మంచిది.

వినైల్ రకమూ అడగండి. కొద్ది నెలల పనికి మోనోమెరిక్, కొన్నేళ్లు ఉండాలంటే పాలీమెరిక్, వంపులకు కాస్ట్. ఆఫర్ స్టిక్కర్‌కి సులువుగా ఊడివచ్చే జిగురున్నదే వాడండి. లేకపోతే పండగయ్యాక గమ్ గీకే పని మీదే. పడమటి ఎండ పడే మామూలు గాజు మీద ముదురు రంగు పెద్ద బొమ్మ వేస్తే వేడి అసమానంగా చేరి గాజు పగిలే ప్రమాదం ఉంది. టఫెన్డ్ గ్లాసా కాదా కనుక్కోండి. కార్ల అద్దాల పని వస్తే మాత్రం ఆగండి. వాటికి నల్ల ఫిల్ములు అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది.

ఎక్కడ నేర్చుకోవాలి?

పాలిటెక్నిక్‌లో ప్రింటింగ్ టెక్నాలజీ డిప్లొమా, ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఉన్నాయి. ఇతర డిగ్రీలవాళ్లు యూనిట్‌లో పనిచేస్తూ నేర్చుకోవచ్చు. డిజైనర్‌గా చేరినా మొదటి నెల ఫిట్టర్ వెంట నాలుగు సైట్లకు వెళ్లండి. నామోషీ పడొద్దు. మామూలు వినైల్‌ని సబ్బు నీళ్లు చల్లి ఎలా సర్దుతారో, వన్ వే విజన్‌ని నీళ్లు లేకుండా పొడిగానే ఎందుకు అతికిస్తారో అక్కడే తెలుస్తుంది.

సొంత యూనిట్ ఆలోచన ఉంటే పెద్ద ప్రింటర్‌తో మొదలుపెట్టకండి. కటింగ్ ప్లాటర్ ఒకటి కొని, ప్రింట్లు బయట జాబ్ వర్క్‌కి ఇవ్వండి. ముద్రా పథకం శిశు విభాగంలో రూ.50 వేల వరకు, కిశోర్‌లో రూ.5 లక్షల వరకు రుణానికి బ్యాంకులో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మాత్రం డిజైన్ల ఫైల్‌తో పాటు రేడియం, ఫ్రాస్టెడ్, వన్ వే విజన్, పారదర్శక వినైల్ ముక్కలు ఒక్కోటి అట్టకు అతికించి పట్టుకెళ్లండి. ఏ యూనిట్‌లో అడిగినా కత్తిరించగా మిగిలినవి ఇస్తారు.