తాళం చేతికొచ్చింది, మరి కాగితం ఎవరి పేరున ఉంది? కొత్త ఇంట్లో మొదటి ఏడాది చూసుకోవాల్సినవి

2021 చివర్లో కరీంనగర్‌లో మా ఇల్లు రిజిస్టర్ అయింది. అంతకుముందు ఇరవై రెండేళ్లు కిరాయి ఇండ్లల్లోనే ఉన్నాం. మొదటిరోజు అమ్మీ ఖీర్ వండింది. గోడకు మేకు కొట్టాలంటే ఇక ఎవర్నీ అడగక్కర్లేదని చెల్లె నవ్వింది. 32 లక్షల ఇల్లు. అందులో ఎక్కువ భాగం సౌదీలో పనిచేసే మా భాయ్ పంపిన డబ్బే. మిగతాది అబ్బా దాచుకున్నది. రిజిస్ట్రేషన్ మాత్రం అబ్బా పేరున అయింది. ఆ రోజు దాని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

మూడేళ్ల తర్వాత ఒక రాత్రి భాయ్ ఫోన్ చేసి అడిగాడు. "అబ్బా, ఆ ఇంట్ల నా పేరు ఎక్కడుంది?"

కోపంతో అడగలేదు. సంబంధం మాటలు నడుస్తున్నాయి, అమ్మాయి తరఫు వాళ్లు అడిగారట. అబ్బా ఏమీ అనకుండా ఫోన్ అమ్మీ చేతికిచ్చి బయటికి నడిచాడు. ఆ నెలంతా నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నా. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మొదటి ఇల్లు కొన్న కుటుంబాలు చాలావరకు మా లాంటివే. ఇల్లు కొనేదాకా ఉన్న జాగ్రత్త, తాళం చేతికి రాగానే సడలిపోతుంది. అందుకే నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

డబ్బు ఎవరిదైనా, ఇల్లు పేరున్నవారిదే

చట్టం ముందు రిజిస్టర్డ్ దస్తావేజులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బుతో తండ్రి పేరున కొంటే, ఇల్లు తండ్రిది. తండ్రి తర్వాత అది ఫరాయిజ్ ప్రకారం వారసులందరికీ పంచబడుతుంది, డబ్బు పంపిన కొడుక్కి ఒక్కడికే రాదు.

మా ఇంటి లెక్కే చెప్తా. దాదా, దాదీ ఇప్పుడు లేరు. అమ్మీ, భాయ్, నేను, చెల్లె ఉన్నాం. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, ప్రతి కూతురికి ఒక పాలు. 32 లక్షల ఇంట్లో అమ్మీకి 4 లక్షలు, భాయ్‌కి 14 లక్షలు, నాకు 7, చెల్లెకు 7. అంటే సగానికి పైగా డబ్బు పెట్టిన భాయ్‌కి సగం కన్నా తక్కువ వస్తుంది. మాకు మా వాటా వస్తుంది, అది మా హక్కు. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. కొనే రోజే మాట్లాడుకుని రాసుకోకపోవడం ఒక్కటే తప్పు.

"వసీయత్ రాస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. వసీయత్ ఆస్తిలో మూడో వంతు వరకే చెల్లుతుంది. వారసుల్లో ఒకరికి రాయాలంటే మిగతా వారసుల ఒప్పుదల కావాలి.

ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. డబ్బు ఇద్దరిదైతే దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించండి, ఎవరి వాటా ఎంతో కూడా రాయించండి. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే బినామీ చట్టం చిక్కు కూడా రావచ్చు. బ్యాంకు ద్వారా పంపిన ప్రతి రూపాయి స్టేట్‌మెంట్ దాచుకోండి.

హిబా అంటే ఏమిటి, ఎలా చేయాలి

బతికున్నప్పుడే ఆస్తిని బహుమతిగా ఇవ్వడం హిబా. దీనికి మూడు షరతులు. ఇస్తున్నానని ఇచ్చేవారు స్పష్టంగా చెప్పాలి. తీసుకునేవారు ఒప్పుకోవాలి. స్వాధీనం చేతులు మారాలి. ఆస్తి బదలాయింపు చట్టం 129వ సెక్షన్ ముస్లింల హిబాకు మినహాయింపు ఇచ్చింది. నోటిమాటతో చేసిన హిబా చెల్లుతుంది, కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు అని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పింది.

కోర్టులో చెల్లడం వేరు, మున్సిపల్ ఆఫీసులో, బ్యాంకులో పని జరగడం వేరు. పేరు మార్చాలన్నా, లోన్ కావాలన్నా రిజిస్టర్డ్ కాగితమే అడుగుతారు. అందుకే హిబా చేసినా రిజిస్టర్ చేయించుకోవడమే మంచిది. ఖర్చు ఎంతవుతుందో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి.

ఇంకో మెలిక ఉంది. "ఇంట్లో సగం నీది" అని విభజన చేయకుండా ఇస్తే హనఫీ ఫిఖ్‌లో చిక్కు వస్తుంది, దీన్ని ముషా అంటారు. పంచడానికి వీలున్న ఆస్తి అయితే ముందు భాగం వేరుచేసి, హద్దులు రాసి, ఆ తర్వాత ఇవ్వాలి. ముఫ్తీ సాబ్‌ను ఒకసారి, వకీలును ఒకసారి అడగండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు. అది అక్కడి భారత ఎంబసీలోనో, కాన్సులేట్‌లోనో ధ్రువీకరించి ఉండాలి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించుకోవాలి. జీపీఏ మీద "కొన్న" ఇల్లు సొంతిల్లు కాదని గుర్తుంచుకోండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

దస్తావేజు ఒక్కటే చాలదు

మున్సిపల్ ప్రాంతంలో కొనుగోలు రిజిస్ట్రేషన్‌కు 2021 జూలై 22 నుంచి మొత్తం 7.5 శాతం అవుతోంది. స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. మా 32 లక్షలకు 2 లక్షల 40 వేలు. ఇంత కట్టాక పని అయిపోయిందనుకుంటాం.

రిజిస్ట్రేషన్ అయిన కొన్ని వారాలకు ఈసీ తీసి చూడండి. మీ లావాదేవీ అందులో ఎక్కిందా, సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దులు సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. పేరులో ఒక్క అక్షరం తప్పున్నా వెంటనే సవరణ దస్తావేజు చేయించండి. అమ్మినవాళ్లు దొరకడం ఇప్పుడు తేలిక, పదేళ్ల తర్వాత కాదు.

రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర 22-ఏ నిషేధిత జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూములు, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. వక్ఫ్ ఆస్తిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ముతవల్లీ సంతకం ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. మస్జిద్, దర్గా, ఖబరస్తాన్ పక్కన చవకగా ప్లాటు వస్తుందంటే ముందు ఈ జాబితా చూడండి.

ఆదిలాబాద్ వాళ్లు అదనంగా ఇంకొకటి చూడాలి. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది. అక్కడ గిరిజనేతరులకు స్థిరాస్తి అమ్మడం చెల్లదు. అమ్మేది గిరిజనుడా కాదా అన్నది కూడా లెక్కలోకి రాదు. నోటరీ కాగితం మీద, వంద రూపాయల స్టాంపు మీద రాసుకుని ఇల్లు కట్టుకుంటే, ఆ కట్టిన డబ్బుకు రక్షణ ఏమీ ఉండదు. ఈ చట్టం గోండు, కొలాం కుటుంబాల భూమి చేజారకుండా పెట్టింది. దాన్ని దాటే దారి వెతకడం కన్నా ఏజెన్సీ బయట చిన్న ప్లాటు చూసుకోవడం మేలు.

బ్యాంకు లోన్ తీరిపోతే అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం రావాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

పన్ను, కరెంటు మీ పేరున మారాయా?

ఇంటి పన్ను రికార్డులో పేరు మారడాన్నే మ్యుటేషన్ అంటారు. మన దగ్గర ఫీజు రిజిస్ట్రేషన్ రోజే తీసుకుంటున్నారు. అయినా పన్ను రసీదు తీసి ఎవరి పేరుందో చూడండి. పాత బకాయి ఉంటే అది ఇంటి మీదే ఉంటుంది, అమ్మినాయన వెంట పోదు. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ వస్తుంటుంది. గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. పన్ను రసీదు గానీ, కరెంటు బిల్లు గానీ యాజమాన్యానికి రుజువు కాదు, అవి పక్క కాగితాలు మాత్రమే.

కరెంటు మన రెండు జిల్లాల్లోనూ ఉత్తర డిస్కమ్‌ది. సర్వీసు పాత యజమాని పేరున ఉంటే మార్పించండి. బకాయి లేదని చూసుకోండి. రేషన్ కార్డు ఉన్నవాళ్లు గృహజ్యోతి కింద ఈ సర్వీసు నంబరే నమోదు చేయించుకోవాలి, కిరాయి ఇంటి నంబరు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. నెలకు 200 యూనిట్ల వరకే ఉచితం. 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. కొత్తిల్లని ఏసీ, గీజరు కలిపేవాళ్లు మంజూరైన లోడు ఎంతో చూసుకోండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

గోడ పగిలితే భయపడాలా?

ఆదిలాబాద్ చుట్టూ ఎక్కువగా నల్లరేగడి. పత్తికి మంచి నేల, పునాదికి కష్టమైన నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నేల ఇట్లా కదిలితే గోడ పగులుతుంది. వెంట్రుకలా సన్నగా, ప్లాస్టర్ మీద మాత్రమే ఉన్న పగులుకు కంగారు వద్దు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, వెడల్పు పెరుగుతూ పోయేది ప్రమాదం. పగులు చివర పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. గీత దాటితే ఇంజినీరును పిలవండి. అంతవరకు పుట్టీ, రంగుల మీద డబ్బు పెట్టొద్దు.

రేగడి నేల మీద ఇంటికి పెద్ద శత్రువు గోడ పక్కన నిలిచే నీళ్లు. ఇంటి చుట్టూ బయటికి వాలు ఉండేలా సిమెంటు పట్టీ వేయించండి. బాత్రూం, ఏసీ నీళ్లు పునాది దగ్గర పడనివ్వొద్దు. ఇంకుడు గుంత పునాదికి దూరంగా తవ్వించండి. కరీంనగర్‌లో ఎర్ర చెల్క, రాతినేల ఎక్కువ, ఈ బాధ తక్కువ. కానీ పూడ్చిన కుంటల మీద వేసిన ప్లాట్లు ఉంటాయి. వానాకాలంలో ఒకసారి వీధి చూస్తే తెలిసిపోతుంది.

సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, మూత ఎక్కడుందో మొదటి వారమే అడిగి తెలుసుకోండి. నిండితే మెషిన్ బండినే పిలవండి. మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, ప్రాణాలు పోయిన ఇండ్లు ఎన్నో ఉన్నాయి.

దావత్ ముందా, నిధి ముందా?

కొన్న ఉత్సాహంలో ఖురాన్ ఖానీకి రెండు వందల మందిని పిలిచి అప్పు చేసిన కుటుంబాలు నాకు తెలుసు. తర్వాతి నెల మోటారు కాలిపోతే చేతిలో రూపాయి లేదు. పది మందిని పిలిచి దువా చేయించుకున్నా చాలు. కిరాయి మిగిలింది కదా, అందులో సగమైనా నెలనెలా ఇంటి పేరున పక్కన పెట్టండి. ట్యాంకు, మోటారు, వాటర్‌ప్రూఫింగ్, పన్ను అన్నీ ఆ డబ్బులోంచే.

మా ఇంట్లో సంగతి చెప్పి ముగిస్తా. మొన్న భాయ్ సెలవు మీద వచ్చినప్పుడు అందరం కూర్చున్నాం. లెక్క నేనే కాగితం మీద వేసి చూపించా. పై అంతస్తు హద్దులు వేరుచేసి, అబ్బా దాన్ని భాయ్‌కి హిబా చేసి రిజిస్టర్ చేయించాడు. పైకి వేరే మెట్లు, వేరే మీటరు పెట్టించాం. కింది భాగం అబ్బా పేరునే ఉంది, అందులో ఎవరి హక్కు వాళ్లది. నాకు, చెల్లెకు చెప్పే చేశాడు కాబట్టి మా మనసులో ఏమీ లేదు. అట్లా చెప్పకుండా చేసి ఉంటే బహుశా ఉండేది.

తిరిగి వెళ్లేముందు భాయ్ పై గదిలో మేకు కొట్టి గడియారం తగిలించాడు. అబ్బా కిందే నిలబడి, వంకరగా ఉంది, సరిచెయ్ అన్నాడు.