సైకిల్ ప్రశ్నకు బ్రేకులెందుకు?

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో తేలిగ్గా కనిపించే ప్రశ్నలే చాలామందిని తడబెడతాయి. సైకిల్ గురించి అడిగితే ఏం చెప్పాలి? జవాబు ఏ గైడులోనూ ఉండదు... మోకాలి మీది పాత మచ్చలో ఉంటుంది!

‘డూ యూ రైడ్ ఎ బైసికల్?’

పరీక్షకురాలు నవ్వుతూనే అడిగింది. భూతాపం మీదా సాంకేతికత మీదా పేజీలకు పేజీలు బట్టీపట్టి వచ్చిన కుర్రాడు ‘యెస్’ అన్నాడు. అంతే... ఆ తర్వాత మాట పెగల్లేదు. ఊళ్లో రోజూ ఆరు కిలోమీటర్లు సైకిల్ తొక్కి హైస్కూలుకు వెళ్లినవాడికి, సైకిల్ గురించి రెండు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ కుర్రాడు గుంటూరువాడు కావచ్చు, కరీంనగర్‌వాడు కావచ్చు. విదేశీ చదువుకు బయల్దేరే పిల్లల ఇళ్లలో ఇది తెలిసిన కథే. చాలా విశ్వవిద్యాలయాలు మొత్తంమీద 6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గకుండా స్కోరు అడుగుతాయి. మాట్లాడటంలో అర బ్యాండు తగ్గితే మళ్లీ పరీక్ష, మళ్లీ వేల రూపాయల ఫీజు. ఒక్కోసారి ఆ విడత ప్రవేశమే చేజారిపోతుంది.

సైకిల్ మీద కాదు... మీ మాట మీద!

స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మొదటి నాలుగైదు నిమిషాలు ఊరు, చదువు, అలవాట్ల గురించి కబుర్లలాంటి ప్రశ్నలు. రెండో భాగంలో ఓ కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మూడో భాగంలో అదే విషయం మీద లోతైన చర్చ.

మార్కులు నాలుగు అంశాలకు సమానంగా వేస్తారు. తడబాటు లేకుండా ఒకదానికొకటి పొంతనగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. సైకిల్ గురించి మీకెంత తెలుసన్నది ఈ నాలుగింట్లో ఎక్కడా లేదు. సైకిల్‌ను ఎవరు కనిపెట్టారో చెప్పక్కర్లేదు. తొక్కడం రాకపోయినా ఫర్వాలేదు. ‘రాదు, మా వీధిలో లారీల భయానికి అమ్మ నేర్చుకోనివ్వలేదు’ అన్నా చక్కటి జవాబే. బట్టీపట్టిన పేరాను మాత్రం పరీక్షకులు ఇట్టే పసిగడతారు.

‘అవును’ తర్వాత ఏమిటి?

మొదటి భాగంలో రెండు మూడు వాక్యాలు చాలు. జవాబు, కారణం, ఓ చిన్న ఉదాహరణ... ఈ వరుస గుర్తుంచుకుంటే మాట ఆగదు. ‘తొక్కుతాను, కానీ ఇప్పుడు ఆదివారాలే. కాలేజీ దూరం కాబట్టి బస్సులో వెళ్తాను. స్కూల్లో ఉన్నప్పుడు మాత్రం వానలో కూడా సైకిలే’... ఇంతే!

కార్డులో ‘చిన్నప్పుడు నేర్చుకున్న ఓ విద్య గురించి చెప్పండి’ అని వచ్చిందనుకోండి. ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాసుకుంటూ కూర్చోకూడదు. అద్దె సైకిల్, నాన్న, కాలువ గట్టు, మోకాలు... ఇలా నాలుగు మాటలు రాసుకుంటే చాలు. సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం, వెనక పట్టుకున్న నాన్న ఎప్పుడో వదిలేశారని తెలియగానే దబ్బున పడటం... ఇవన్నీ వరసపెట్టి చెబితే రెండు నిమిషాలు చాలవు కూడా. నిజంగా జరిగింది కాబట్టి తర్వాత ఏం చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు తొంగిచూసే చోట్లు

‘నాకు సైకిల్ ఉంది’ని మనవాళ్లు ‘ఐ యామ్ హ్యావింగ్’ అనేస్తారు. ‘ఐ హ్యావ్’ అంటే సరిపోతుంది. ఇప్పటికీ రోజూ తొక్కుతుంటే ‘ఐ యూజ్డ్ టు రైడ్’ అనకూడదు. ఒకప్పుడు తొక్కేవాణ్ని, ఇప్పుడు మానేశాననే అర్థం వస్తుంది. సైకిల్ మీంచి పడ్డానని చెప్పడానికి ‘ఫెల్ డౌన్ ఫ్రమ్’ కన్నా ‘ఐ ఫెల్ ఆఫ్ మై బైక్’ సహజంగా ఉంటుంది. మనకు బైక్ అంటే మోటారు సైకిలే కానీ, ఇంగ్లండులో మామూలు సైకిల్‌నూ బైక్ అనే అంటారు.

ఉచ్చారణలోనూ చిన్న చిన్న మెలికలున్నాయి. మనం ‘బైసైకిల్’ అంటాం, ఇంగ్లిషులో అది ‘బైసికల్’. మన ‘పంచర్’లో మింగేసిన క శబ్దాన్ని పలకాలి... పంక్చర్. రోడ్డు, బస్సు, బైకు అంటూ చివర ఉకారం చేర్చడం తెలుగు అలవాటు. అక్కడ హల్లుతోనే ఆపేయాలి. అలాగని దొరల యాసను అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన యాస ఉన్నా నష్టం లేదు, ఎదుటివారికి తేలిగ్గా అర్థమైతే చాలు.

వాదనకు ఊతం

‘జనం సైకిల్ తొక్కాలంటే ఏం చేయాలి?’ అని మూడో భాగంలో అడగొచ్చు. ‘ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి’ అని ఊరుకుంటే తేలిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. వ్యాయామానికి అది బాగుంటుంది, మరి రోజూ పనికి వెళ్లేవారికి ఊరి మధ్యలో దారేదీ అనొచ్చు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలయ్యాక, బడి దూరంగా ఉన్న ఊళ్ల నుంచి హైస్కూల్లో చేరే అమ్మాయిలు పెరిగారు. ఒక్క ఉదాహరణ ఉన్నా అభిప్రాయానికి బలం వస్తుంది.

అమ్మానాన్నలూ సాయపడొచ్చు

ఇంగ్లిషు రాని తల్లిదండ్రులు ఇందులో మేమేం చేస్తాం అనుకుంటారు. కానీ సాధనకు వాళ్లే కావాలి. రాత్రి భోజనాలయ్యాక నాన్న తన మొదటి సైకిల్ కథ తెలుగులో చెప్పాలి. పిల్లలు దాన్నే రెండు నిమిషాలు ఇంగ్లిషులో చెప్పాలి. అమ్మ గడియారం చూడాలి. ఎక్కడ ఆగారో, ఎక్కడ నీళ్లు నమిలారో తెలుసుకోవడానికి ఆమెకు ఇంగ్లిషు రానక్కర్లేదు. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే తప్పులు పిల్లలకే తెలుస్తాయి.

సైకిలైనా ఇంగ్లిషైనా పుస్తకం చదివి నేర్చుకున్నవారు లేరు. కొన్నాళ్లు వెనక ఎవరో ఒకరు పట్టుకోవాలి... ఆ తర్వాత వదిలేయాలి.