డాక్యుమెంటేషన్ సరిగ్గా లేని ట్యాబ్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారా? ముందు ఇది చేయండి

మీ బ్రౌజర్‌లో ఎప్పుడూ 40 ట్యాబ్స్ ఓపెన్‌లోనే ఉంటాయా? నాదీ అదే కథ. అందుకే ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబ్స్‌ని సైడ్‌బార్‌లో చెట్టులా చూపించే ఓ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా. సెట్టింగ్స్ బోలెడు, వివరణ మాత్రం రెండు ముక్కలే.

ఐడియా సింపుల్. ఒక పేజీలోని లింక్‌ని కొత్త ట్యాబ్‌లో తెరిస్తే, అది ఆ పేజీ కింద పిల్ల ట్యాబ్‌గా చేరుతుంది. పక్కనున్న బాణం నొక్కితే పిల్లలన్నీ మడతపడి, తల్లి ట్యాబ్ ఒక్కటే కనిపిస్తుంది. ఓ రోజు అలా మడతపెట్టిన తల్లిని క్లోజ్ చేశా. లోపలున్న 14 ట్యాబ్స్ కూడా పోయాయి! ఒక బగ్ కోసం రెండు రోజులు వెతికి పెట్టుకున్నవి. కంట్రోల్+షిఫ్ట్+టి నొక్కుతూ వెనక్కి తెచ్చుకున్నా, వరస మొత్తం మళ్లీ చేత్తో సర్దుకోవాల్సి వచ్చింది.

మీకలా జరగకూడదంటే, ముందు కంట్రోల్+షిఫ్ట్+డి నొక్కి ట్యాబ్స్ అన్నిటినీ ఒక బుక్‌మార్క్ ఫోల్డర్‌లో దాచండి. తర్వాత కొత్త విండోలో పోయినా పర్లేదనుకునే 5 ట్యాబ్స్ తెరవండి. ఒక్క సెట్టింగ్ మార్చి, తల్లిని క్లోజ్ చేస్తే ఏమవుతుందో, పిల్లని లాగి వేరేచోట పెడితే ఏమవుతుందో చూడండి. తెలిసింది ఒక లైన్‌లో రాసుకుని, అప్పుడు రెండోదానికి వెళ్లండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది ఏం చేసిందో తెలీదు. డెవలపర్ రాయని మాన్యువల్ అలా మీ దగ్గరే తయారవుతుంది.