వేమన పేరుతో యంత్రం పద్యం రాస్తే?

కరువు మీద వేమన పద్యం ఒకటి చెప్పమని సెల్‌ఫోనులోని కృత్రిమ మేధను అడిగారనుకోండి. రెప్పపాటులో నాలుగు పాదాలు తెర మీదికి వస్తాయి. చివర మకుటం కూడా ఉంటుంది. వాన రాలేదు, వేరుశనగ ఎండింది, రైతు దిగులుపడ్డాడు. అంతా మన అనంతపురం సంగతే! బాగుంది కదా అని వ్యాసంలో ఎక్కించేస్తారు.

ఒక్క క్షణం ఆగండి. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. అనంతపురం మెట్టచేలలో అది ఎటు చూసినా కనిపించే పంట అయింది 20వ శతాబ్దంలో. వేమన 17వ శతాబ్దం వాడని చాలామంది పండితుల లెక్క. మరి ఆయన పద్యంలోకి ఈ పంట ఎలా వచ్చింది?

యంత్రం అబద్ధం చెప్పిందందామా? అబద్ధం ఆడాలంటే ముందు నిజం తెలిసి ఉండాలి. యంత్రం చేసిన పని వేరు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అది లెక్క కట్టింది, అంతే.

ఈ లెక్క కొత్తది కాదు. 1913లో మార్కోవ్ అనే రష్యన్ గణితవేత్త పుష్కిన్ కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు వస్తుంది, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తుంది అని చేత్తో లెక్కపెట్టాడు. 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ అలాంటి లెక్కతోనే ఇంగ్లీషు వాక్యాల్లాంటివి అల్లి చూపించాడు. ఆ ఆట మీరూ ఆడవచ్చు. ఏదైనా కథల పుస్తకం తెరవండి. ఒక మాట మీద వేలు పెట్టి, దాన్ని కాగితం మీద రాయండి. ఇంకో పేజీ తిప్పి, ఆ మాట మళ్లీ కనిపించేదాకా చదవండి. దాని పక్కనున్న మాట రాసుకోండి. ఇప్పుడు ఆ కొత్త మాట కోసం వెతకండి. పది మాటలయ్యేసరికి వాక్యంలా వినిపించే ఒక వింత తయారవుతుంది! తెలుగులో ఈ ఆట కాస్త నత్తనడక నడుస్తుంది. నేల, నేలను, నేలలో, నేలకు అంటూ మన మాటలు తోకలు మార్చుకుంటూ ఉంటాయి మరి.

నేటి యంత్రాలు ఒక్క మాటనే కాక, అంతకు ముందున్న వేల మాటలను చూసి లెక్క కడతాయి. తర్వాత గవ్వలు వేసినట్టు ఒక మాటను ఎంచుకుంటాయి. ఎక్కువ అవకాశం ఉన్న మాటే ఎక్కువసార్లు పడుతుంది. ‘అనంతపురం’, ‘కరువు’ అన్న మాటల దగ్గర ‘వేరుశనగ’ ఎన్నోసార్లు అచ్చయిందాయె! ఇక గవ్వలు ఎటు పడతాయో చెప్పాలా?

పద్యమైతే మరో చిక్కు. ‘లక్ష్మి’ అన్న మాట చూడండి. మన చెవికి రెండే అక్షరాలు: గురువు, లఘువు. కంప్యూటరు దాన్ని ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతం ఒక్కోదానికి సాధారణంగా మూడు బైట్లు, అంటే మొత్తం 21. పైగా రాసే యంత్రం మాటలను ముక్కలు కోసేది గురులఘువులను బట్టి కాదు, ఏ ముక్క తరచుగా వస్తుందో దాన్ని బట్టి. అందుకే దాని ఆటవెలది తరచు తడబడుతుంది.

ఆటవెలది లెక్క మీకు తెలిసిందే. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సూర్యగణాలు 2 రకాలు, ఇంద్రగణాలు 6. కనుక 2×2×2×6×6 = 288 నడకలు. సరి పాదంలో అయిదు సూర్యగణాలు, అంటే 32 నడకలు. నాలుగో పాదం మకుటమే కనుక దాన్ని వదిలేసినా 288×32×288 = 26,54,208 నడకలు! చిన్న పద్యంలో ఎంత చోటుందో చూశారా?

ఆ చోటులోకి యంత్రం కంటే ముందు మనుషులే దూరారు. కదిరి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధి ఉందని జనం నమ్మకం (ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది). ఆయన పద్యాలు నోటి నుంచి నోటికి, తాటాకు నుంచి తాటాకుకు నడిచాయి. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసిన పుస్తకంలో 693 పద్యాలున్నాయి. 1839 నాటి కూర్పులో 1,164. అన్నీ వేమనవేనా? కావనే పండితుల మాట. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యంలా కనిపిస్తుంది. అయితే బ్రౌన్ ముందు వ్రాతప్రతులుండేవి. ఒకదాని పక్కన మరొకటి పెట్టి పోల్చవచ్చు. యంత్రం పద్యానికి అలాంటి ప్రతి ఏది? దాన్ని మీరు వ్యాసంలో రాస్తారు, ఇంకొకరు సెల్‌ఫోనులో పంచుతారు. రేపు తయారయ్యే యంత్రం దాన్నే వేమన పద్యమని చదువుకుంటుంది.

ఈ యంత్రరాతను కొందరు ‘చూచిరాత’ అని కొట్టిపారేస్తారు. కొందరు ‘క్యాలిక్యులేటర్ వాడటం లేదూ?’ అంటారు. నాకు రెండూ సగం సగమే నచ్చుతాయి. పంట బీమా రాలేదని ఒక రైతు యంత్రంతో అర్జీ రాయించుకుంటే తప్పేముంది? వెనుక తాలూకా కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్లూ ఇదే పని చేశారు. సర్వే నంబరు, ఎకరాలు రైతుకు తెలుసు. తప్పుంటే అతనే పట్టుకుంటాడు. వేమన పద్యం విషయంలో, తప్పును పట్టుకోగల వేమన మన మధ్య లేడు.

కాబట్టి పద్యం చేతికొచ్చాక మీ ఛందస్సు పాఠం తీసి గణాలు విభజించండి. సరిపోకపోతే అనుమానించండి. సరిపోయినా అది వేమనదని తేలిపోదు, ఆటవెలది ఎవరైనా రాయవచ్చు. అప్పుడు బడి గ్రంథాలయంలో వేమన పద్యాల సంకలనం అడగండి. చాలా సంకలనాల్లో అకారాది పట్టిక ఉంటుంది. పద్యం మొదటి మాట తెలిస్తే వెతకడానికి రెండు నిమిషాలు చాలు.